కారులో కుర్రకారు... రోడ్డు వార పల్లెటూరు

తారు రోడ్డు మీద కారొకటి దూసుకుపోతుంది. లోపల పాటలు, నవ్వులు, కేకలు. రోడ్డు వార కొడవలి పట్టుకుని నిలబడ్డ మనిషి తలెత్తి చూసేలోగా కారు వెళ్లిపోతుంది, దుమ్ము మిగులుతుంది. కారులోని వారికి ఆ మనిషి గుర్తుండడు. కుర్రాళ్లు కారెక్కి షికారు పోయే సినిమాలు చాలా వచ్చాయి గాని అవన్నీ కారులోపలే కూర్చుంటాయి. మధ్యలో దిగి, ఆ కొడవలి మనిషి దగ్గరకు నడిచి, పేరేమిటి, ఏ ఊరు, ఇంటి దగ్గర ఎంతమంది అని అడిగివచ్చిన సినిమా మాత్రం ఒకటి వుంది.

2001లో మెక్సికో దేశంలో విడుదలైన ఆ చిత్రం పేరు ‘యీ తు మామా తాంబియెన్’. స్పానిష్ మాట. తెలుగులో ‘మీ అమ్మ కూడా’ అని అర్థం. పేరు వినగానే ముఖం చిట్లించుకునేవారు వుంటారు. చిట్లించుకోదగ్గ మాటే. ఇద్దరు స్నేహితులు తాగి ఒకరినొకరు రెచ్చగొట్టుకునే మోటు మాట అది. ఇది ఇంటిల్లిపాదీ కలిసి కూర్చుని చూసే చిత్రం కాదన్నది ముందే చెప్పుకోవాలి. బూతులకు కొదవ లేదు. హద్దు మీరిన సన్నివేశాలూ వున్నాయి. మెక్సికోలో పద్దెనిమిదేళ్లు నిండని వారు చూడరాదని ప్రభుత్వం నిబంధన పెట్టింది. పిల్లలు ఏం చూడాలో తేల్చవలసింది తల్లిదండ్రులు గాని సర్కారు కాదని చిత్ర దర్శకుడు అభ్యంతరం లేవదీశారు. కుర్రాళ్ల కథను ఆ వయసు కుర్రాళ్లే చూడరాదనడం విడ్డూరంగా వున్నా, సినిమా చూసినవారు ప్రభుత్వానిది బొత్తిగా తప్పని కూడా అనలేరు.

అయితే ఆ బూతు పొట్టు వలిస్తే లోపల గింజ వుంది.

బొంకిన ఊరికి ప్రయాణం

కథ 1999 వేసవిలో జరుగుతుంది. తెనోచ్, హూలియో అనే ఇద్దరు ప్రాణస్నేహితులు. బడి చదువు ముగిసింది, కాలేజీ ఇంకా మొదలు కాలేదు. ప్రియురాళ్లిద్దరూ ఇటలీ యాత్రకు వెళ్లిపోయారు. పనీ పాటా లేదు. తాగడం, తిరగడం, ఆడపిల్లల గురించి లేని గొప్పలు చెప్పుకోవడం. తమ జట్టుకు ఒక పేరు పెట్టుకుని, దానికి నియమావళి కూడా రాసుకున్నారు. ఒకరి ప్రియురాలి జోలికి మరొకరు పోరాదన్నది అందులో ఒక నియమం. ఇది పాఠకులు గుర్తుంచుకోవాలి.

తెనోచ్ తండ్రి ప్రభుత్వంలో పెద్ద హోదాలో వున్నవాడు. భవంతి, నౌకర్లు, అంగరక్షకులు. హూలియో తల్లి ఒక కంపెనీలో గుమాస్తా ఉద్యోగం చేస్తుంది. తండ్రి లేడు. అక్క విశ్వవిద్యాలయంలో ఉద్యమాల వెంట తిరుగుతుంది. స్నేహంలో ఈ తేడా లేదనే ఇద్దరూ నమ్ముతారు.

తెనోచ్ బంధువుల పెళ్లిలో లూయిసా పరిచయమవుతుంది. స్పెయిన్ దేశస్తురాలు, తెనోచ్ దాయాది భార్య. ఆమె దగ్గర గొప్ప కోసం కుర్రాళ్లు ఒక కోత కోశారు. ‘బోకా దెల్ సియెలో’ అనే సముద్రతీరం వుంది, దానంత అందమైనది లోకంలో లేదు, మేం పోతున్నాం, వస్తావా అన్నారు. ఆ పేరుకు ‘స్వర్గద్వారం’ లాంటి అర్థం వస్తుంది. అలాంటి తీరం ఎక్కడా లేదు. అప్పటికప్పుడు అల్లిన అబద్ధం. లూయిసా నవ్వి ఊరుకుంది.

కొద్దిరోజుల్లో ఆమె ఇంట్లో సంగతులు తిరగబడ్డాయి. ఊరికి పోయిన భర్త తాగి ఫోన్ చేసి, మరో స్త్రీతో తప్పు చేశానని ఏడ్చాడు. అంతకుముందే ఆమె ఆసుపత్రికి వెళ్లి పరీక్షల ఫలితాలు తెచ్చుకుంది. అందులో ఏముందో ప్రేక్షకులకు అప్పుడు చెప్పరు. ఆ మర్నాడు ఆమే కుర్రాళ్లకు ఫోన్ చేసి, మీరు చెప్పిన సముద్రానికి పోదాం అంది.

ఇక చూడాలి వాళ్ల తిప్పలు. లేని ఊరికి దారి ఎవరిని అడగాలి? హూలియో అక్క దగ్గర పాత కారు బతిమాలి తెచ్చారు. ఆ కారులో ఆమె చియాపాస్ రాష్ట్రంలోని ఆదివాసీ గ్రామాలకు బట్టలు, మందులు చేరవేయవలసి వుంది. 1994 జనవరి 1న ఆదివాసీ రైతులు తిరుగుబాటు చేసిన రాష్ట్రమది. ఆ బండే ఇప్పుడు షికారుకు బయలుదేరింది. ఎప్పుడూ మత్తులో వుండే స్నేహితుడొకడు అడ్డదిడ్డంగా గీసి ఇచ్చిన దారి చీటీ పట్టుకుని ముగ్గురూ రాజధాని దాటి, ప్యూబ్లా మీదుగా వహాకా రాష్ట్రం వైపు సాగారు.

ఇంతవరకు ఇది మామూలు కథే. 1999లో అమెరికాలో వచ్చిన ‘అమెరికన్ పై’, 2000లో వచ్చిన ‘రోడ్ ట్రిప్’ లాంటి కుర్రకారు హాస్య చిత్రాల వరసలో దీన్నీ కలిపేయవచ్చు. దర్శకుడు అల్ఫోన్సో క్వరోన్ ఆ మూసను తెలిసే తీసుకున్నారు. 1961లో మెక్సికో నగరంలో పుట్టిన ఆయన, హాలీవుడ్‌కు వెళ్లి 1995లో, 1998లో రెండు చిత్రాలు తీసి, మళ్లీ సొంత దేశం వచ్చి, తమ్ముడు కార్లోస్‌తో కలిసి ఈ కథ రాశారు. కుర్రాళ్ల వెకిలి నవ్వుల కోసం హాలుకు వచ్చినవారికి దేశాన్ని చూపించి పంపారు.

కథ ఆపి చెప్పే పిట్టకథ

ఆ పని ఎలా చేశారన్నది చెప్పుకోదగ్గది. హరిదాసు కథ మధ్యలో ఆగి పిట్టకథ ఎత్తుకున్నట్టు, ఈ చిత్రంలో తెర వెనక ఒక గొంతు వుంటుంది. అది మాట్లాడే ముందు కారు మోత, పాటలు, కుర్రాళ్ల వాగుడు అన్నీ ఒక్క క్షణం టక్కున ఆగిపోతాయి. హాలులో నిశ్శబ్దం. అప్పుడా గొంతు ఏ రాగద్వేషాలూ లేకుండా, పంచాయతీ గుమాస్తా రిజిస్టరు చదివినట్టు, రెండు మూడు వాక్యాలు చెప్పి ఊరుకుంటుంది. మళ్లీ మోత మొదలు. ఆ గొంతు దానియెల్ హిమెనెస్ కాచో అనే నటుడిది.

మొదట్లోనే ఒకటి. నగరంలో వాహనాలు ఆగిపోయి వుంటాయి. ఎవరో ఊరేగింపు తీసి వుంటారని కుర్రాళ్లు విసుక్కుంటారు. గొంతు చెబుతుంది: కారణం ఊరేగింపు కాదు. మిచోవకాన్ రాష్ట్రం నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన తాపీ పనివాడు మార్సెలీనో రోడ్డు దాటుతూ బస్సు కింద పడ్డాడు. పాదచారులు దాటే వంతెన వుంది గాని, దాని మీదుగా పోతే పని స్థలానికి రెండు కిలోమీటర్లు అదనంగా నడవాలి. అందుకని రోజూ అడ్డంగా దాటేవాడు. ఎవరో తెలియనందున శవాన్ని ఆసుపత్రికి తరలించారు. నాలుగు రోజుల వరకు అడిగిన నాథుడు లేడు.

అంతే. కారు కదులుతుంది. కుర్రాళ్లకు ఈ సంగతి తెలియదు, ఎప్పటికీ తెలియబోదు. ప్రేక్షకుడికి మాత్రం తెలిసింది. వంతెన కట్టినవారు దాన్ని జనం నడిచే చోట కట్టలేదన్న సంగతి రెండు ముక్కల్లో పడింది. కూలి పని కోసం ఊరు విడిచిన వాళ్ల ఇళ్లలో ఈ సన్నివేశానికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

మరోచోట రోడ్డు పక్క చిన్న శిలువలు కనిపిస్తాయి. పదేళ్ల ముందు ఇదే దారిన వచ్చివుంటే, తిరగబడ్డ లారీ, రోడ్డు మీద దొర్లుతున్న కోళ్ల బుట్టలు, ఏడుస్తున్న ఒక స్త్రీ కనిపించేవారని గొంతు చెబుతుంది. శిలువల దగ్గర కారు ఆగదు.

ఒక పూటకూళ్ల ఇంట్లో ముగ్గురూ భోజనానికి కూర్చుంటారు. మాటలు మొదలవుతాయి. కెమెరా కాసేపు విని, ఆ మాటలు తనకు అవసరం లేనట్టు మెల్లగా బల్ల దగ్గర నుంచి లేచి వంటింట్లోకి నడిచిపోతుంది. అక్కడ పొయ్యి దగ్గర ఆడవాళ్లు వంట చేస్తూ వుంటారు. ఒక ముసలావిడ పాటకు అనుగుణంగా నిదానంగా అడుగులు వేస్తూ వుంటుంది. తిన్నవాళ్ల ముఖాలు చూపే సినిమాలు కోకొల్లలు. వండినవాళ్ల ముఖం చూడడానికి కథానాయకులను బల్ల దగ్గరే వదిలేసి పోయిన కెమెరా అరుదు. దాన్ని నడిపినవారు ఎమ్మాన్యుయెల్ లుబెజ్కీ. పెళ్లి సన్నివేశంలోనూ అంతే. లోపల దేశాధ్యక్షుడు దంపతులను ఆశీర్వదిస్తుంటే, కెమెరా భోజనం పళ్లాలు మోసుకుపోతున్న మనిషి వెనకాలే బయటికి వెళ్లి, కార్ల దగ్గర నిలబడి తింటున్న డ్రైవర్లను, అంగరక్షకులను చూసి వస్తుంది.

దారి పొడవునా పోలీసులు, సైనికులు బండ్లు ఆపుతారు. రోడ్డు వార ఎవరినో నిలబెట్టి సోదా చేస్తూ వుంటారు. కుర్రాళ్ల కారు దాటిపోతుంది. ఒక పల్లె దగ్గర జనం రోడ్డుకు అడ్డంగా నిలిచి, తెల్లగౌను తొడిగిన తమ ఊరి ఉత్సవ రాణిని చూపించి చందా అడుగుతారు. ఈ ఒక్కచోట కుర్రాళ్లు ఆగక తప్పలేదు. చందాల కాలంలో రోడ్డుకు తాడు కట్టిన ఊరు ఎక్కడైనా వుంటుంది కదా.

ఒక ముసలమ్మ లూయిసాకు ఎలుక బొమ్మ ఇస్తుంది. బొమ్మ మీద లూయిసా అనే పేరు వుంది, అందుకని. ఆ పేరు గల పాప ఒకప్పుడు ఆ ఇంట్లో వుండేది. తల్లిదండ్రులతో పాటు సరిహద్దు దాటి అమెరికా పోతూ అరిజోనా ఎడారిలో ఎండదెబ్బకు చనిపోయింది.

ఆయా పుట్టిన ఊరు

అన్నింటిలోకీ గుచ్చుకునేది తెనోచ్‌కు సంబంధించినది. ఒక మలుపులో తెపెల్‌మేమే అనే ఊరి పేరు బోర్డు కనబడుతుంది. తెనోచ్ కిటికీలోంచి చూస్తాడు, ఏమీ మాట్లాడడు. గొంతు చెబుతుంది. ఆ ఊరు అతడిని పుట్టినప్పటి నుంచి పెంచిన ఆయా లెయోదెగారియాది. పదమూడేళ్లకే పొట్టకూటి కోసం ఇల్లు విడిచి రాజధానికి వచ్చిన మనిషి. నాలుగేళ్లు వచ్చేవరకు తెనోచ్ ఆమెనే అమ్మా అని పిలిచాడు. ఆ ఊరికి తానెన్నడూ పోలేదని ఆ క్షణంలో అతడికి తట్టింది. పక్కన వున్న స్నేహితుడితో ఆ సంగతి అనలేదు. కారు ఆపమనలేదు.

అంతకు ముందొక సన్నివేశంలో ఫోన్ మోగుతూ వుంటుంది. పక్కనే పడుకుని వున్న తెనోచ్ ఎత్తడు. ఆయా మెట్లెక్కి వచ్చి ఎత్తి అతడికి అందిస్తుంది, తినడానికి రొట్టె కూడా పెడుతుంది. అప్పుడు హాలులో నవ్వినవారు బోర్డు కనిపించేసరికి నవ్వరు.

ఇందులో ఒక విశేషం వుంది. దర్శకుడు క్వరోన్‌ను చిన్నతనంలో పెంచిన ఆయాది కూడా ఆ తెపెల్‌మేమే ఊరే. కారు ఆపకుండా దాటిపోయిన ఆ బోర్డు ఆయనను వదలలేదు కాబోలు. పదిహేడేళ్ల తర్వాత 2018లో ‘రోమా’ అనే చిత్రం తీసి, ఒక పనిమనిషినే కథానాయికను చేశారు. ఆ పాత్రకు వహాకా రాష్ట్రంలోని తలహియాకో పట్టణానికి చెందిన యలిత్జా అపరిసియోను తీసుకున్నారు. అంతకుముందు ఆమె ఏ చిత్రంలోనూ నటించలేదు. చిత్రాన్ని తనను పెంచిన ఆయాకే అంకితమిచ్చారు. 2019లో ఆస్కార్ పోటీలో ఉత్తమ దర్శకుడి బహుమతి దానికే దక్కింది. అదే ఏడాది మెక్సికో చట్టసభ ఇళ్లలో పనిచేసేవారికి రాతపూర్వక ఒప్పందం, సెలవులు, సామాజిక భద్రత కల్పిస్తూ చట్టాన్ని సవరించింది. చట్టం సినిమా వల్లనే వచ్చిందనడం పొరపాటు. పనివాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాయి, సుప్రీంకోర్టు 2018 డిసెంబరులోనే వారి పక్షాన తీర్పు ఇచ్చింది. అయితే ఆ రోజుల్లో పనిమనిషి మాట దేశమంతా నోళ్లలో నానడానికి సినిమా కూడా తోడైంది.

పేర్లలో చరిత్ర

కుర్రాళ్ల పేర్లు కూడా ఊరకే పెట్టినవి కావు. హూలియో ఇంటిపేరు సపాతా. 1910లో మొదలైన మెక్సికో విప్లవంలో, పెద్ద తోటల దొరలు కాజేసిన భూములు గ్రామాలకు తిరిగి రావాలని పోరాడిన రైతు నాయకుడు ఎమిలియానో సపాతాది ఆ పేరు. 1919లో ఆయనను నమ్మించి రప్పించి కాల్చి చంపారు. తెనోచ్ ఇంటిపేరు ఇతుర్బిదే. అది 1822లో మెక్సికోకు చక్రవర్తినని కిరీటం పెట్టుకున్నవాడి పేరు. స్పెయిన్ నుంచి వచ్చిన లూయిసా ఇంటిపేరు కోర్తెస్. 1521లో ఆ దేశాన్ని జయించిన స్పెయిన్ సేనానిది అదే పేరు. ఇక తెనోచ్ అన్నది పాత ఆజ్‌టెక్ జాతి మూలపురుషుడి పేరు. కొడుకుకు మొదట హెర్నాన్ అని పెట్టాలనుకున్న తండ్రి, ఆ ఏడే ప్రభుత్వ పదవిలో చేరడంతో ఉన్నట్టుండి దేశభక్తి పుట్టి తెనోచ్ అని పెట్టాడని గొంతు వెక్కిరిస్తుంది. హెర్నాన్ అంటే ఆ కోర్తెస్ సేనాని పేరే. పదవి రాగానే పేరు మార్చే నాయకులు ఒక్క మెక్సికో సొత్తేమీ కాదు.

పాత కారులో అలా రైతు నాయకుడు, చక్రవర్తి, దండయాత్రికుడు ముగ్గురూ పక్కపక్కన కూర్చుని పోతూ వుంటారు. ఈ పేర్ల సంగతి తెలియకపోయినా కథకు లోటు రాదు.

కుర్రాళ్ల స్నేహం మాత్రం మధ్యదారిలోనే బీటలు వారింది. లూయిసా ఒకడితో చనువుగా వుంటే రెండోవాడు ఓర్వలేకపోయాడు. ఆ ఉక్రోషంలో నిజం కక్కాడు: నీ ప్రియురాలితో నేను తిరిగాను. విన్నవాడు కుమిలిపోయి, మర్నాటికి తానూ అలాంటి నిజమే బయటపెట్టాడు. నియమావళి రాసుకున్న ఇద్దరూ దాన్ని ఏనాడో చింపేశారన్నమాట. తిట్లు మొదలయ్యాయి. ఆ తిట్లలో ఆడపిల్లల మాట వెనక్కుపోయి అసలు సంగతి బయటపడింది. ఒకడు పల్లెటూరి మోటువాడా అంటే, మరొకడు దొరబిడ్డా అన్నాడు. గొంతు అప్పుడు చెప్పే రెండు వాక్యాలు సినిమా మొత్తానికి ఆయువుపట్టు. తెనోచ్ ఇంట్లో మరుగుదొడ్డి వాడిన ప్రతిసారీ వాసన తెలియకుండా హూలియో అగ్గిపుల్లలు వెలిగించేవాడు. హూలియో ఇంట్లో మరుగుదొడ్డి మూతను తెనోచ్ చేత్తో కాక కాలితో ఎత్తేవాడు. ఈ సంగతులు ఒకరికొకరు ఎన్నడూ చెప్పుకోలేదు. ప్రాణస్నేహం అనుకున్నదాని మధ్య అంత గోడ వుంది.

వాళ్ల పోట్లాట చూసి లూయిసా కారు దిగి నడక సాగించింది. బతిమాలగా ఎక్కింది. ఎక్కేముందు షరతులు పెట్టింది. ఇకనుంచి తను చెప్పిందే వేదం, వంట మీరే చేయాలి, నోరు అదుపులో పెట్టుకోవాలి అంది. దారిలో వున్నది కుర్రాళ్లే గాని, బతుకు విలువ తెలిసి ప్రయాణం చేస్తున్నది ఆమె ఒక్కతే. ఎందుకో చివర్లో తెలుస్తుంది.

జాలరి చూయ్

చీకట్లో దారి తప్పి ఒక తీరానికి చేరారు. తెల్లారి లేచి చూస్తే మనుషులు లేని ఇసుక, నీలపు నీళ్లు. పడవ మీద ఒక జాలరి వచ్చాడు. పేరు చూయ్. వెంట భార్య మాబెల్, ఇద్దరు పిల్లలు. పక్కనున్న చిన్న చిన్న రేవులు చూపిస్తానన్నాడు. వాటిలో ఒకదాని పేరు బోకా దెల్ సియెలో అన్నాడు. కుర్రాళ్లు ముఖముఖాలు చూసుకున్నారు. వాళ్లు బొంకిన ఊరు నిజంగానే వుంది. తరాలుగా జాలర్లు ఆ పేరుతోనే పిలుస్తున్నారు. నగరంవారికి తెలియనంత మాత్రాన ఊరు లేకుండా పోదు.

చూయ్ పడవ నడుపుతాడు, చేప పడతాడు, మాబెల్ కాల్చి పెడుతుంది. లూయిసా పిల్లలతో ఆడుకుంటుంది, ఈత నేర్పుతుంది. ఊరి పందుల మంద వచ్చి కుర్రాళ్ల డేరాను కుమ్మి పారేస్తే హాలంతా నవ్వులు. ఆ నవ్వుల మధ్యనే మోత ఆగిపోయింది. గొంతు చూయ్ భవిష్యత్తు చదివింది.

ఆ ఏడాది చివరికి ఆ గ్రామ ఉమ్మడి భూముల్లో పెద్ద హోటల్ కట్టడానికి చూయ్ కుటుంబం ఇల్లు ఖాళీ చేయవలసి వస్తుంది. మరో ఊరి పొలిమేరకు తరలిపోతుంది. చూయ్ తన పడవలో యాత్రికులను తిప్పి బతకాలని చూస్తాడు. పర్యాటక శాఖ అండ గల బయటి పడవల సంఘం అడ్డుపడుతుంది. రెండేళ్ల తర్వాత అతడు అదే హోటల్‌లో ఊడ్చి తుడిచే పనికి కుదురుతాడు. ఇక ఎన్నడూ చేపలు పట్టడు.

అప్పటికి చూయ్ ఇంకా నవ్వుతూనే పడవ నడుపుతున్నాడు. తన మెడ మీద ఏముందో తనకు తెలియదు. తెర ముందున్నవారికి తెలిసిపోయింది.

ఇది కథ కోసం అల్లిన చూయ్ కావచ్చు గాని, నేల మాత్రం నిజమైనది. ఆ సన్నివేశాలు తీసింది వహాకా తీరంలోని వాతుల్కో ప్రాంతంలో, కకలూతా అనే రేవులో. 1984లో మెక్సికో ప్రభుత్వం పర్యాటక కేంద్రం కోసం వాతుల్కో గ్రామాల ఉమ్మడి భూమి సుమారు 21 వేల హెక్టార్లు, అంటే 50 వేల ఎకరాలకు పైబడి, స్వాధీనం చేసుకుంది. తీరాన వున్న పల్లెవారిని లోపలికి జరిపి, వారి కోసం లా క్రుసెసీతా అనే కొత్త ఊరు కట్టారు. విమానాశ్రయం వచ్చింది, హోటళ్లు వచ్చాయి. కకలూతా రేవు 1998లో ప్రకటించిన జాతీయ పార్కు పరిధిలోకి వచ్చింది.

ఉమ్మడి భూమి అన్న మాటకు అక్కడ పెద్ద అర్థం వుంది. సపాతా లాంటివారి పోరాటం ఫలితంగా 1917 నాటి రాజ్యాంగంలో గ్రామాలకు భూమి ఇవ్వాలని రాసుకున్నారు. ఆ భూమిని రైతు దున్నుకోవచ్చు, పిల్లలకు ఇవ్వవచ్చు, అమ్మరాదు. 1992లో రాజ్యాంగం సవరించి అమ్మకానికి దారి తెరిచారు. రైతుకు స్వేచ్ఛ వచ్చిందని ప్రభుత్వం అంది. భూమి చేతులు మారడం మొదలైందని రైతులు అన్నారు. 1994లో చియాపాస్‌లో తిరుగుబాటు చేసిన ఆదివాసీలు తమ దళానికి సపాతా పేరే పెట్టుకున్నారు. హూలియో అక్క బట్టలు, మందులు చేరవేయదలచింది ఆ గ్రామాలకే.

ఇన్ని సంగతులూ చిత్రంలో ఉపన్యాసంగా చెప్పరు. చూయ్ గురించి గొంతు పలికింది ఒక్క నిమిషం కూడా వుండదు.

కాఫీ హోటల్లో ఇద్దరు

చివరి రాత్రి తీరంలో ముగ్గురూ తప్పతాగి, దాచుకున్నవన్నీ కక్కేసుకుని, పగలబడి నవ్వుకున్నారు. ఆ మత్తులో కుర్రాళ్లిద్దరూ తమ మధ్య గీతను దాటారు. తెల్లారాక ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. ఇంటికి పోవాలన్నారు. లూయిసా రానంది. ఆ తీరంలోనే చూయ్ కుటుంబం దగ్గర వుండిపోయింది. తిరుగు ప్రయాణం మౌనంగా సాగింది.

చిత్రం మెక్సికోలో విడుదలైనప్పుడు, అంతవరకు ఏ స్వదేశీ చిత్రానికీ రానంత వసూళ్లు మొదటి వారాంతంలోనే వచ్చాయి. సుమారు 50 లక్షల డాలర్లతో తీసినది, ప్రపంచమంతటా కలిపి 3 కోట్ల 30 లక్షల డాలర్లకు పైగా రాబట్టింది. 2001 వెనిస్ చిత్రోత్సవంలో కథా రచనకు అన్నదమ్ములకు, నటనకు కుర్రాళ్లిద్దరికీ బహుమతులు దక్కాయి. హూలియోగా నటించిన గాయెల్ గార్సియా బెర్నాల్, తెనోచ్‌గా నటించిన డియేగో లూనా నిజజీవితంలోనూ చిన్ననాటి స్నేహితులే. వారి స్నేహం తెగలేదు. లూయిసా పాత్ర ధరించినది స్పెయిన్ నటి మరిబెల్ వెర్దూ. ముగ్గురిలో ఎక్కువ మార్కులు ఆమెకే పడాలి. నవ్వుతూనే వుంటుంది, లోపల ఏదో లెక్క చూసుకుంటున్నట్టు వుంటుంది.

చిత్రంలోని స్నేహం మాత్రం తెగింది. యాత్ర తర్వాత కుర్రాళ్లు కలుసుకోవడం మానేశారు. ప్రియురాళ్లూ దూరమయ్యారు. మరుసటి వేసవి వచ్చింది. 2000 జూలై 2న జరిగిన ఎన్నికల్లో, 71 ఏళ్లుగా అధికారం వదలని పార్టీ అధ్యక్ష పదవి పోగొట్టుకుంది. తెనోచ్ తండ్రి లాంటి వారి ప్రాభవం నిలిచింది ఆ పార్టీ నీడలోనే. గొంతు ఆ సంగతి కూడా ఒక్క వాక్యంలో చెప్పి వదిలేస్తుంది.

ఒకరోజు ఇద్దరూ రోడ్డు మీద ఎదురుపడ్డారు. తప్పించుకోవడం కన్నా కాఫీ తాగడమే తేలిక అనిపించి ఒక హోటల్లో కూర్చున్నారు. తెనోచ్ తండ్రి కోరినట్టు అర్థశాస్త్రంలో చేరబోతున్నాడు. హూలియో జీవశాస్త్రం చదవబోతున్నాడు. జుట్టు కత్తిరించుకున్నారు, మర్యాదగా మాట్లాడుకుంటున్నారు, బూతు ఒక్కటి కూడా లేదు. చిత్రమంతా వాళ్ల బూతులకు చెవులు మూసుకున్నవారికి కూడా, ఇప్పుడొక్కటి పలికితే బాగుండుననిపిస్తుంది.

లూయిసా సంగతి తెలుసా అని తెనోచ్ అడిగాడు. హూలియోకు తెలియదు. వాళ్లు వచ్చేసిన నెల రోజులకే చనిపోయిందట. క్యాన్సర్. బయలుదేరేముందే ఆమెకు తెలుసట. చివరి నాలుగు రోజులు తీరంలోని ఊరి ఆసుపత్రిలో గడిపింది. ముసలమ్మ ఇచ్చిన ఎలుక బొమ్మను చూయ్ కూతురికి ఇచ్చి పోయింది.

ఇద్దరూ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తనకు పనుందని, మళ్లీ కలుద్దామని తెనోచ్ లేచాడు. అలాగేనన్నాడు హూలియో. వాళ్లిద్దరూ మళ్లీ ఎన్నడూ కలుసుకోలేదని గొంతు చెప్పింది. ఖాళీ కుర్చీ ఎదురుగా కూర్చున్న హూలియో బిల్లు తెమ్మన్నాడు.